కాంట్రాస్ట్: పక్కన నిలబెడితేనే పైకి తేలే తేడా

క్లుప్తంగా: ‘కాంట్రాస్ట్’ అనే ఆంగ్ల పదానికి ‘తేడా’ అని అర్థం చెప్పి వదిలేయడం మామూలు. ఆ పదం తేడా ఎంత పెద్దదో చెప్పదు. రెండింటిని ఎదురెదురుగా పెట్టినప్పుడు ఆ తేడా ఎంత స్పష్టంగా కంటికి కడుతుందో చెబుతుంది. గద్వాల చీర అంచు నుంచి స్కానింగ్ గది వరకు, పరీక్ష ప్రశ్న నుంచి నాగార్జునసాగర్ ఎడమ కాలువ గురించి రాసే వార్త వరకు ఈ పదం వెనుక పనిచేసేది ఈ ఒక్క సూత్రమే.

ఒకే మాట, నాలుగు చోట్ల

గద్వాల చీరల దుకాణాల్లో తరచుగా వినిపించే మాట ‘కాంట్రాస్ట్ అంచు’. చిలకపచ్చ చీరకు వంకాయరంగు అంచు, పసుపు చీరకు ఎర్రంచు చూపిస్తూ అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఆ మాట వాడతారు. దానికి అర్థమేమిటని అక్కడ ఎవరూ అడగరు, చీర చూస్తేనే తెలిసిపోతుంది. నల్లగొండలోని ఏ స్కానింగ్ కేంద్రంలోనైనా అదే మాట వేరే రూపంలో ఎదురవుతుంది. డాక్టరు రాసిచ్చిన చీటీలో ‘కాంట్రాస్ట్‌తో సీటీ’ అని ఉంటే అది ఏదో పెద్ద జబ్బు పేరేమోనని వెంట వచ్చినవారు కంగారు పడతారు. ఫోను తెర అమరికల్లో వెలుతురు మీట పక్కన ఉండేదీ ఇదే పదం. మహబూబ్‌నగర్ డిగ్రీ కళాశాలలో ఇంగ్లిషు పరీక్ష రాసే విద్యార్థికి రెండు పాత్రలను పోల్చి, కాంట్రాస్ట్ చేసి చూపమని ప్రశ్న వస్తుంది. జవాబులో సగం మంది పోలికలు రాసి ఆపేస్తారు. మిగిలిన సగం మంది ఒక పాత్ర గురించి ఒక పేజీ, ఇంకో పాత్ర గురించి ఇంకో పేజీ రాసి, రెండింటిని ఎక్కడా కలపకుండా ముగిస్తారు.

రంగుల గురించి, మందు గురించి, తెర గురించి, పాత్రల గురించి ఒకే మాట వాడటం యాదృచ్ఛికం కాదు. నాలుగు చోట్లా జరిగే పని ఒకటే. నిఘంటువులో ఇచ్చిన ‘తేడా’ అనే అర్థం ఆ పనిని పట్టి చూపలేకపోవడమే అసలు చిక్కు.

ఎదురు నిలవడం నుంచి పుట్టిన పదం

ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. ‘కాంట్రా’ అంటే ఎదురుగా, ‘స్తారే’ అంటే నిలబడటం. ఎదురు నిలబడటమే దీని తొలి అర్థం. మధ్యకాలపు ఇంగ్లిషులో ఇది ప్రతిఘటించడం, ఎదిరించి పోరాడటం అనే అర్థంలో కొంతకాలం నడిచి మరుగునపడింది. తర్వాత 17వ శతాబ్దంలో ఫ్రెంచి, ఇటాలియన్ భాషల మీదుగా మళ్లీ వచ్చింది. ఈసారి యుద్ధరంగం నుంచి కాక చిత్రకారుల గది నుంచి వచ్చింది. బొమ్మలో వెలుగు పక్కన నీడను, నునుపు పక్కన గరుకును ఉంచి రెండింటికీ బలం తెచ్చే పద్ధతికి చిత్రకారులు పెట్టుకున్న పేరు అది. సాహిత్యానికి, వాదనకు, చివరికి తర్కానికి ఆ పదం అక్కడి నుంచే పాకింది.

లాటిన్ ‘స్తారే’కూ సంస్కృతంలోని ‘స్థా’ ధాతువుకూ చుట్టరికం ఉంది. స్థితి, స్థానం అనే మాటలు ఆ ధాతువు నుంచి వచ్చినవే. గుడిలో విగ్రహానికి చేసే ‘ప్రతిష్ఠ’ కూడా ‘ప్రతి’, ‘స్థా’ల కలయికే. నిర్మాణంలో అది కాంట్రాస్ట్‌కు తోబుట్టువులా ఉన్నా అర్థంలో దూరంగా వెళ్లిపోయింది. ఒకే రకం ఇటుకలతో రెండు భాషలు రెండు వేరు ఇళ్లు కట్టుకున్నాయి.

‘నిలబడటం’ అన్న మూలార్థాన్ని గుర్తుంచుకుంటే చాలా సందేహాలు తీరతాయి. ఎదురు నిలబడటానికి ఇద్దరు కావాలి, ఇద్దరూ ఒకే నేల మీద ఉండాలి. అందుకే ఒక్క వస్తువుకు కాంట్రాస్ట్ ఉండదు. ఏ సంబంధమూ లేని రెండు వస్తువుల మధ్య కూడా ఉండదు. చింతచెట్టుకూ సోమవారానికీ ఎంత తేడా ఉన్నా వాటిని కాంట్రాస్ట్ చేయడం కుదరదు. చింతచెట్టును వేపచెట్టు పక్కన పెట్టవచ్చు.

తెలుగు మాటలు ఎక్కడ సరిపోతాయి, ఎక్కడ జారిపోతాయి

తెలుగులో తేడాను చెప్పే మాటలకు కొదవ లేదు. ఒక్కొక్క మాట ఒక్కొక్క పని చేస్తుంది. ‘వ్యత్యాసం’ కొలవదగిన తేడాకు బాగా కుదురుతుంది. ధరల వ్యత్యాసం, వయసు వ్యత్యాసం, ఉష్ణోగ్రతల వ్యత్యాసం అంటాం. ‘అంతరం’ మధ్యలో ఉన్న ఖాళీని చూపుతుంది. తరాల అంతరం, ఆదాయాల అంతరం అనేవి అలాంటివి. ‘భేదం’ చీల్చడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది కాబట్టి అందులో చీలిక వాసన ఉంటుంది. అభిప్రాయభేదం, కులభేదం అన్నప్పుడు ఆ చీలిక స్పష్టంగా తెలుస్తుంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో నిత్యం వాడే ‘ఫరక్’ ఉర్దూ మీదుగా వచ్చిన అరబీ మాట. వేరు చేయడం దాని మూలార్థం. కాలక్రమంలో దానికి ప్రభావం అనే అర్థం కూడా తోడైంది. మందు మార్చాక ఫరక్ తెలిసిందని ఒకరు అంటే, అక్కడ చెబుతున్నది కోలుకోవడం గురించి.

‘వైవిధ్యం’ అనేకం ఉన్నచోట వాడే మాట. కాంట్రాస్ట్‌కు చాలామంది అనువాదకులు ఎంచుకునే ‘వైరుధ్యం’ వీటన్నిటికంటే ప్రమాదకరమైనది. వైరుధ్యం అంటే రెండూ ఏకకాలంలో పొసగని స్థితి. సాక్షి నిన్న ఒకటి, నేడు ఇంకొకటి చెబితే అది వైరుధ్యం. గద్వాల చీర ఒంటికీ అంచుకూ మధ్య వైరుధ్యం లేదు. అవి పొసగబట్టే ఆ చీర అందంగా ఉంది. ఆ తేడాను వైరుధ్యం అని అనువదిస్తే అందం కాస్తా తగాదాగా మారిపోతుంది.

తెలుగు జాతీయాలను గమనిస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. ‘హస్తిమశకాంతరం’ అంటే ఏనుగుకూ దోమకూ ఉన్నంత తేడా. ‘నక్కకూ నాగలోకానికీ’, ‘భూమికీ ఆకాశానికీ’ అనేవీ అలాంటివే. ఇవన్నీ తేడా ఎంత పెద్దదో కొలిచే మాటలు. కాంట్రాస్ట్ కొలిచేది పరిమాణాన్ని కాదు, అది ఎంత స్పష్టంగా కనిపిస్తుందన్నదాన్ని. ఆ పని చేసే తెలుగు పలుకుబడి వేరే ఉంది, అదే ‘కొట్టొచ్చినట్టు కనిపించడం’. కళ్లను వచ్చి తాకేంత స్పష్టత దానిలో ఉంది. ఒక్క పదంగా కుదించలేకపోయినా కాంట్రాస్ట్ ఆత్మకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఈ పలుకుబడే.

తేడా వేరు, కాంట్రాస్ట్ వేరు అనడానికి ఒక పాత సామెత చాలు. తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్లు కావు. ఒక గిన్నెలో పాలు, ఇంకో గిన్నెలో సున్నపు నీళ్లు పోసి పక్కపక్కన పెడితే, రెండింటి మధ్య తేడా ప్రాణం మీదికి తెచ్చేంత పెద్దది. కంటికి మాత్రం ఆ తేడా ఆనదు. అక్కడ తేడా ఉంది, కాంట్రాస్ట్ లేదు. నల్లరేగడి మీద పడిన ఒక్క పత్తి రేకలో కాంట్రాస్ట్ ఉంది. వాటి తేడా గురించి ఎవరికీ పట్టింపు ఉండకపోవచ్చు, కన్ను మాత్రం ముందు అక్కడికే పోతుంది.

సంస్కృత అలంకారశాస్త్రం ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది. ‘వ్యతిరేకం’ అనే అలంకారంలో ముందు ఉపమాన ఉపమేయాల మధ్య పోలిక ఉంటుంది. తర్వాత ఒకదానిలో ఉన్న విశేషం చూపి రెండింటిని విడదీస్తారు. ముఖం చంద్రుడిలాంటిదే, అయితే చంద్రుడికి మచ్చ ఉంది, ముఖానికి లేదు అన్నప్పుడు జరిగేది అదే. పోలిక లేకుండా వ్యతిరేకం లేదు. ఇది కాంట్రాస్ట్‌కు చక్కని శాస్త్రనామం కాగలిగేది. నేటి పత్రికా భాషలో మాత్రం ‘వ్యతిరేకం’ అంటే ఒప్పుకోకపోవడం, ఎదురు తిరగడం అనే అర్థాలే మిగిలాయి. కాంట్రాస్ట్ అన్నచోట ఇప్పుడు దాన్ని వాడితే పాఠకుడు ధర్నా గురించి అనుకుంటాడు.

గద్వాల మగ్గం మీద కాంట్రాస్ట్ ఎలా పుడుతుంది

కాంట్రాస్ట్ అంటే వేరే రంగు తెచ్చి పక్కన పెట్టడమే అనుకుంటే గద్వాల నేత పనితనం అర్థం కాదు. చీర పొడవునా సాగే దారాలు పడుగు, అడ్డంగా నాడె (దారాన్ని అటూ ఇటూ మోసే మగ్గపు పనిముట్టు) తీసుకెళ్లే దారం పేక. మామూలు చీరలో అంచు దగ్గర పడుగు రంగు మార్చినా, పేక మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే నడుస్తుంది. చీర పసుపు, అంచు ఎరుపు అనుకుంటే, పసుపు పేక ఎర్ర పడుగును దాటుతూ పోతుంది. అంచులో మిగిలేది నికరమైన ఎరుపు కాదు, రెండూ కలిసిన ఒక మధ్యఛాయ.

గద్వాల పద్ధతిలో ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు నడుస్తాయి. ఒంటి పేక అంచు దాకా వచ్చి ఆగుతుంది, అక్కడి నుంచి అంచు పేక అందుకుంటుంది. రెండు పేకలు కలిసే గీత మీద ఒకదానిలో ఒకటి మెలిపడి వెనక్కి తిరుగుతాయి. కుప్పడం అని పిలిచే ఈ నేతలో ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడుతుంది, పసుపు మీద పసుపు పడుతుంది. రంగులు తమ తమ హద్దుల్లో నిండుగా ఉంటాయి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు కావడంతో రంగుతో పాటు మెరుపులోనూ అదే తెగిన హద్దు కనిపిస్తుంది. నూలు వెలుతురును చెదరగొడితే పట్టు దాన్ని నిగనిగలాడుతూ తిప్పికొడుతుంది. రంగు, మెరుపు, స్పర్శ మూడూ ఒకే గీత దగ్గర మారిపోతాయి. దుకాణంలో ‘కాంట్రాస్ట్’ అని రెండు క్షణాల్లో తేల్చేసే సంగతి వెనుక మగ్గం దగ్గర పడ్డ అదనపు శ్రమ ఇంత ఉంది.

ఇదే దక్షిణ తెలంగాణలో దీనికి సరిగ్గా ఎదురుదిశలో నడిచే నేత కూడా ఉంది. పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా కిందికి వస్తాయి. చిటికి లేదా ఇక్కత్ అని పిలిచే అక్కడి నేతలో నూలును నేయకముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కింద రంగు ఎక్కదు. కట్టు అంచుల్లోంచి రంగు కొద్దిగా లోపలికి పాకుతుంది, నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. దీనితో బొమ్మ అంచు కత్తితో కోసినట్టు ఉండదు, ఈక కొసలా మెత్తగా చెదిరి ఉంటుంది. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు వంటి గట్టి రంగులతోనే ఉన్నా హద్దులు మాత్రం మెత్తగా ఉంటాయి. గద్వాల అంచునూ పోచంపల్లి చిటికి పనినీ పక్కపక్కన పరిచి చూస్తే, కాంట్రాస్ట్‌లో రంగు ఎంత ముఖ్యమో హద్దు కూడా అంతే ముఖ్యమని తెలుస్తుంది.

పారిస్‌లో ఒక రంగుల ఫిర్యాదు

ఈ పదానికి శాస్త్రంలో పెద్దపీట వేయించినది కూడా నేత పనే. మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1824లో పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. నల్లరంగు నూలులో పస లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ తేలలేదు. ఆ నలుపును నీలం, ఊదా రంగుల పక్కన నేసినప్పుడు మాత్రమే వెలిసినట్టు కనిపిస్తోంది. తప్పు రంగుది కాదు, పక్కనున్న రంగుది. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో ఆయన పుస్తకం వెలువరించాడు. ఒకేసారి కంటబడిన రెండు రంగులు ఒకదాని నుంచి మరొకటి దూరంగా జరిగినట్టు కనిపిస్తాయన్నది ఆయన చెప్పిన నియమం.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి తెల్ల కాగితం మీద, ఇంకొకటి నల్ల కాగితం మీద పెట్టాలి. తెల్లదాని మీద ముక్క ముదురుగా, నల్లదాని మీద ముక్క లేతగా కనిపిస్తుంది. రెండూ ఒకే కాగితమని తెలిసినా కన్ను ఒప్పుకోదు. కంటిలోని నాడీకణాలు వెలుతురును ఉన్నది ఉన్నట్టుగా పైకి పంపవు. ఉత్తేజం పొందిన కణం తన పొరుగు కణాన్ని కొంత అణచిపెడుతుంది. మెదడుకు చేరేది వెలుతురు లెక్క కంటే పక్కవాటితో పోల్చిన లెక్క ఎక్కువ. కన్ను చూసేదే కాంట్రాస్ట్‌ను అంటే అతిశయోక్తి కాదు. నల్లగొండ దగ్గరి పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా నిలిచే నీడను చూడటానికి జనం వెళ్తారు. ఆ నీడ ఒక వస్తువు కాదు, చుట్టూ ఉన్న వెలుగుకూ దానికీ ఉన్న తేడాయే దాని ఉనికి.

ఫోను తెర మీద కాంట్రాస్ట్ ఇదే సంగతికి అంకెల రూపం. తెర మీది అత్యంత ప్రకాశాన్ని అత్యల్ప ప్రకాశంతో భాగిస్తే వచ్చేది కాంట్రాస్ట్ నిష్పత్తి. వెబ్‌సైట్లలో మామూలు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 నిష్పత్తి ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. తెలుపు మీద నలుపు 21:1కు వస్తుంది, ఆ లెక్కలో అంతకు మించినది లేదు. ఏప్రిల్ ఎండలో బస్టాండు బయట ఫోను తెర చదవలేకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. తెర వెలుగు 100, నలుపు 1 అనుకుంటే నిష్పత్తి 100. బయటి వెలుతురు తెర మీద పడి రెండింటికీ తలా 50 కలిపితే అవి 150, 51 అవుతాయి. నిష్పత్తి మూడుకు పడిపోతుంది. వెలుతురు పెరిగింది, తేడా 99గానే ఉంది, అయినా అక్షరం కనబడదు. తేడాకూ కాంట్రాస్ట్‌కూ ఉన్న దూరాన్ని ఇంతకంటే సూటిగా చూపే లెక్క దొరకడం కష్టం.

స్కానింగ్ గదిలో ఆ పదం

వైద్యంలో ఈ మాట కలిగించే కంగారు ఎక్కువ కాబట్టి కాస్త వివరం అవసరం. ఎక్స్‌రే శరీరంలోంచి పోతున్నప్పుడు ఎముకలోని కాల్షియం దాన్ని బాగా ఆపుతుంది, అందుకే ఎముక తెల్లగా పడుతుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ బాధితుల ఎముకలు సాంద్రత పెరిగి మామూలుకంటే తెల్లగా పడతాయి. అక్కడ కాంట్రాస్ట్ కోసం ఏ మందూ అక్కరలేదు. కాలేయం, పేగు, రక్తనాళం, కండరం వంటి మెత్తని భాగాలు మాత్రం ఎక్స్‌రేను దాదాపు ఒకేలా ఆపుతాయి. చిత్రంలో అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. పాలూ సున్నపు నీళ్ల సమస్యే ఇక్కడా ఎదురవుతుంది.

ఎక్స్‌రేను బాగా ఆపే పదార్థాన్ని కావలసిన భాగంలోకి పంపితే ఆ భాగం విడిగా పైకి తేలుతుంది. పరమాణు సంఖ్య 53 ఉన్న అయోడిన్, 56 ఉన్న బేరియం ఇందుకు పనికొస్తాయి. బేరియం సల్ఫేట్ నీటిలో కరగదు, మింగితే జీర్ణనాళంలోంచి సాగి బయటికి పోతుంది. అయోడిన్ కలిసిన ద్రవాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఆ క్షణంలో ఒంట్లో వేడి పాకినట్టు, నోట్లో లోహపు రుచి తగిలినట్టు అనిపించడం మామూలే. ఎంఆర్ఐలో వాడేది గాడోలినియం. అది కిరణాలను ఆపదు, తన చుట్టూ ఉన్న నీటి అణువుల అయస్కాంత ప్రవర్తనను మార్చి చిత్రాన్ని ప్రకాశవంతం చేస్తుంది.

ఇవేవీ జబ్బును నయం చేసే మందులు కావు. ‘కాంట్రాస్ట్ రాశారు’ అంటే జబ్బు ముదిరిందని కూడా కాదు. చూడవలసిన భాగం చుట్టుపక్కల భాగాల నుంచి విడిగా కనబడాలని మాత్రమే దాని అర్థం. అయోడిన్ ద్రవం ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి వెళ్తుంది కాబట్టి ముందుగా వాటి పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష అడగవచ్చు. గతంలో ఇలాంటి ఇంజెక్షన్ పడకపోయినా, మూత్రపిండాల జబ్బు ఉన్నా, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి. ఆ పదం అర్థమైతే ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నారో కూడా అర్థమవుతుంది.

వాక్యంలో దాని నడక

ఇంగ్లిషులో ఈ పదం నామవాచకంగానూ క్రియగానూ నడుస్తుంది. నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో దాని మీద పడుతుంది. ‘రికార్డ్’ విషయంలోనూ ఇంతే. తెలుగులో ఊనిక మార్పు వల్ల పదం అర్థం మారదు. ఆ పనిని తెలుగు అచ్చుల పొడవుతో చేస్తుంది. ‘పలు’, ‘పాలు’ అన్నప్పుడు మారినది అచ్చు నిడివి ఒక్కటే. భాషాశాస్త్రంలో దీన్ని కూడా కాంట్రాస్ట్ అనే అంటారు. మిగతా అంతా ఒకేలా ఉండి ఒక్క చోట మారినప్పుడే ఆ మార్పు విలువ తెలుస్తుంది. తెలుగువారు క్రియను నేరుగా తీసుకోకుండా ‘కాంట్రాస్ట్ చేసి’ అనడం వల్ల ఊనిక సమస్య రాయడంలో రాదు, మాట్లాడేటప్పుడు మాత్రమే వస్తుంది.

విభక్తి దగ్గర పొరపాట్లు ఎక్కువ. ‘దాని నుంచి భిన్నం’ అనే తెలుగు అలవాటు వల్ల విద్యార్థులు కాంట్రాస్ట్ పక్కన ‘ఫ్రమ్’ పెడతారు. క్రియకు తోడుగా రావలసింది ‘విత్’. ఎదురు నిలబడటం ఎవరితోనో జరుగుతుంది, ఎవరి నుంచో జరగదు. నామవాచకమైతే రెండింటి మధ్య అనే అర్థంలో ‘బిట్వీన్’ వస్తుంది. ‘కంపేర్’ పోలికలను, తేడాలను రెండింటినీ కలుపుకొంటుంది. ‘కాంట్రాస్ట్’ తేడాలకే పరిమితం. పరీక్షలో రెండూ అడిగితే రెండూ రాయాలి. అదీ ఒకే అంశం మీద ఇద్దరినీ నిలబెట్టి రాయాలి. ఆమె ధైర్యం గురించి ఒక వాక్యం రాస్తే, ఆ వెంటనే అతడి ధైర్యం గురించే రావాలి, అతడి చదువు గురించి కాదు.

‘బై కాంట్రాస్ట్’, ‘ఆన్ ద కాంట్రరీ’ అనేవి అక్కాచెల్లెళ్లలా కనిపించి చాలామందిని మోసం చేస్తాయి. మొదటిది రెండు నిజాలను పక్కపక్కన పెడుతుంది. మిర్యాలగూడ వైపు వరి పండుతుంది, అందుకు భిన్నంగా మునుగోడు వైపు పత్తి పండుతుంది అన్నప్పుడు రెండూ నిజమే. రెండోది అంతకుముందు అన్నమాటను కొట్టివేస్తుంది. దానికి తెలుగులో ‘సరికదా’ ఉంది. అప్పు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. తెలుగులో ఆలోచించేటప్పుడు ‘అందుకు భిన్నంగా’ వస్తుందా, ‘సరికదా’ వస్తుందా అని చూసుకుంటే ఇంగ్లిషులో ఏది రాయాలో తేలిపోతుంది.

‘డిస్టింక్షన్’ కూడా ఈ కుటుంబం పక్కనే తిరుగుతుంది. మార్కుల జాబితాల వల్ల అది ఊరూరా తెలిసిన మాటే. గుర్తు పెట్టి వేరు చేయడం దాని మూలార్థం. గుంపులోంచి ఒకరిని విడదీసే గీత డిస్టింక్షన్ అయితే, ఇద్దరిని ముఖాముఖి నిలబెట్టేది కాంట్రాస్ట్.

ఎడమ కాలువకు అటూ ఇటూ

పత్రికా రచనలో ఈ పదం అత్యంత బలంగా పనిచేసేది, అత్యంత సులువుగా దారి తప్పేది ప్రాంతాల గురించి రాసేటప్పుడే. పాత నల్లగొండ జిల్లా అందుకు చక్కని ఉదాహరణ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలుగా, రైసు మిల్లులుగా మారాయి. జలాశయానికి దగ్గర్లోనే ఉన్న చందంపేట, దేవరకొండ మెట్టలు ఎండుతూనే ఉండిపోయాయి. ఒకే నది, ఒకే పాత జిల్లా, దాదాపు ఒకే వాన. తేడాకు కారణం నేల ఎత్తు. కాలువ నీరు పల్లానికే పారుతుంది. కాలువ మట్టానికి పైన ఉన్న పొలానికి నది కూతవేటు దూరంలో ఉన్నా చుక్క అందదు.

పునాది ఒకటే కావడం వల్ల ఇది నికరమైన కాంట్రాస్ట్. ఇలా పక్కన పెట్టగానే చదివేవారి మనసులో ‘మరి ఎందుకు ఇలా?’ అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టించలేని పోలిక వట్టి తేడాల జాబితా. హైదరాబాద్ ఐటీ భవనాలనూ నల్లమల అడవిలోని చెంచుల గూడేలైన పెంటలనూ ఒకే వాక్యంలో ఉంచితే తేడా హస్తిమశకాంతరం. కారణం మాత్రం ఎక్కడా తగలదు, ఎందుకంటే రెండూ నిలబడిన నేల ఒకటి కాదు. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ నుంచి కూలీలు వలస పోయారని రాస్తే ఆ వాక్యం గుచ్చుకుంటుంది. నీరూ వలసా ఒకే చోట ఎదురుపడటమే దానికి కారణం.

షెవ్రెల్ గమనించిన మోసం ఇక్కడ కూడా జరుగుతుంది. బూడిదరంగు కాగితం నలుపు మీద లేతగా కనిపించినట్టే, ఓ మోస్తరు నీరున్న ఊరు ఎండిన ఊరి పక్కన కోనసీమలా కనిపిస్తుంది. ఎడమ కాలువ ఆయకట్టు అంటే అంతా పచ్చదనమే అనిపించేలా రాస్తే, కాలువ చివరి భూములకు నీరు చేరని ఏడాదుల బాధ ఆ వెలుగులో కరిగిపోతుంది. మెట్ట అంటే అంతా బీడే అనిపించేలా రాస్తే బోర్ల కింద బత్తాయి తోటలు పెంచిన రైతు కనబడకుండా పోతాడు. రెండు కొసలకు బలం రావాలంటే మధ్యలోని ఛాయలు తగ్గాలి. ఫోను తెర మీద కాంట్రాస్ట్ మీటను చివరిదాకా జరిపితే ఫొటోలో జరిగేది కూడా ఇదే. ముఖం తెల్లబడి, జుట్టు నల్లబడి, మధ్యలోని ముడతలు మాయమవుతాయి.

ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ఎత్తిపోతలతో సాగర్ నీరు కాలువ మట్టాన్ని దాటి నల్లగొండ మెట్టకు ఎక్కింది. బోర్లు, చెరువులు, తోటలు మరికొంత మార్చాయి. ఒకప్పుడు పటంలో గద్వాల అంచులా తెగినట్టు కనిపించిన తడి పొడి గీత ఇప్పుడు చాలాచోట్ల పోచంపల్లి చిటికిలా చెదిరి ఉంది. మాగాణి వైపు కొన్ని ఎండు మడులు, మెట్ట వైపు కొన్ని పచ్చని చారలు కనిపిస్తాయి. దాని గురించి ఈ రోజు రాసేవారు ‘కొట్టొచ్చినట్టు’ అనే ముందు ఏ ఊరి పక్కన ఏ ఊరిని నిలబెడుతున్నారో పేరు పెట్టి చెప్పవలసి ఉంటుంది.